రేడియేటరు నీరు ఎక్కడికి పోవుచున్నది?

పెంకుటిల్లు వానకు కారునప్పుడు, నీటిబొట్టు పడిన చోటికి నిట్టనిలువుగా పైన పగిలిన పెంకు సాధారణముగా కనబడదు. పెంకు పగిలినది ఒకచోట. నీరు వాసము వెంట జారి, దూలమును చేరి, బొట్టుగా రాలినది మరియొకచోట. బొట్టు పడుచోట కప్పును ఎన్నిమారులు బాగుచేయించినను ఇల్లు కారుట మానదు. పాతబడిన మోటారుకారులో రేడియేటరు నీరు తరుగుట కూడ తరచు ఇట్టిదే. రబ్బరుగొట్టములు మార్చుదురు, రేడియేటరుకు మాటు వేయింతురు, కొత్తపంపు బిగింతురు. అయినను వారము తిరుగునప్పటికి నీరు మరల తరిగియే ఉండును. ఒకనాడు దూరప్రయాణములో నీరు పూర్తిగా అయిపోయి, ఇంజను వేడికి పట్టివేయును. అప్పుడు కొద్దిపాటి ఖర్చుతో పోవలసినది పెద్ద మరమ్మతు అగును.

ఇట్టి మొండి లోపమును కనుగొనుట అదృష్టము మీద ఆధారపడిన పని కాదు. నీరు ఏ ఉష్ణోగ్రతలో, ఏ పీడనములో, ఎంత వేగముతో పోవుచున్నదో తెలిసికొన్నచో, అది పోవు దారి కూడ తెలియును. హైస్కూలు తరగతులలో చెప్పు వ్యాకోచము, మరుగుస్థానము, స్నిగ్ధత మొదలైన పాఠములే ఇందుకు చాలును.

నీటి పని

పెట్రోలు ఇంజనులో మండిన ఇంధనము ఇచ్చు వేడిలో సుమారు మూడవవంతు మాత్రమే పనిగా మారును. ఇంచుమించు మరి మూడవవంతు పొగగొట్టము గుండా పోవును. మిగిలిన దానిలో అధికభాగమును నీరే మోసికొనిపోవలెను. 1886లో జర్మనీలో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడుచక్రముల కారులో, నీరు మరిగి ఆవిరియై పోవుటయే ఇంజనును చల్లబరచు పద్ధతి. 1888లో ఆయన భార్య బెర్తా బెంజ్ అట్టి కారులో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌కు సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణము చేసినప్పుడు, దారిలో మాటిమాటికి నీరు పోయవలసివచ్చినది. ఆ కారులో నీరు తరుగుట లోపము కాదు. దాని నిర్మాణమే అట్టిది. తరువాత వచ్చిన రేడియేటరు నీటిని పోనీయక, అదే నీటిని మరల మరల త్రిప్పి వాడుకొనును.

1950 దశకము చివర నుండి 2014 వరకు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో తయారైన ఆంబాసిడర్ కారు ఈ ఏర్పాటును తెలిసికొనుటకు మంచి ఉదాహరణ. చాలకాలము దానిలో 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను ఉండెడిది. ఇంజను దిమ్మ, దానిపై బిగించు హెడ్ రెండును పోతఇనుముతో చేసినవి. సిలిండర్ల చుట్టును, హెడ్‌లోను నీటి దారులు గలవు. ముందుభాగమున పంపు, ఫ్యాను ఒకే ఇరుసు మీద బెల్టుతో తిరుగును. పంపు నీటిని ఇంజనులోనికి తోయును. వేడెక్కిన నీరు థర్మోస్టాటు అను తలుపును దాటి, పై రబ్బరుగొట్టము గుండా రేడియేటరును చేరును. అచ్చట సన్నని గొట్టములలో దిగుచు చల్లబడి, క్రింది రబ్బరుగొట్టము గుండా పంపునకు తిరిగివచ్చును.

రేడియేటరు మూత సామాన్యమైన మూత కాదు; అది స్ప్రింగుతో పనిచేయు కవాటము. నీరు వేడెక్కినప్పుడు లోపలి పీడనమును పెరుగనిచ్చి, ఒక హద్దు దాటినప్పుడే తెరచుకొనును. పాతకార్ల మూతలలో ఈ హద్దు తరచుగా చదరపు అంగుళమునకు 4 నుండి 7 పౌనులు. తరువాతి కార్లలో సుమారు 13 నుండి 16 పౌనులు. వాతావరణ పీడనము కన్న 7 పౌనులు అధికమైనప్పుడు నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద గాక, సుమారు 111 డిగ్రీల వద్ద మరుగును. మూతలోని రబ్బరు ఎండిపోయినను, స్ప్రింగు నీరసించినను పీడనము నిలువదు. నీరు ముందుగానే మరిగి పై గొట్టము గుండా బయటకు పోవును. అందుచేత నీరు తరుగు కారులో అన్నిటికన్న ముందు పరీక్షింపదగినది, అన్నిటికన్న చౌకయైనది ఈ మూతయే.

నిజముగా కారుచున్నదా?

వెదకుటకు ముందు మరియొక ప్రశ్న వేసికొనవలెను. నీరు 20 డిగ్రీల నుండి 90 డిగ్రీలకు వేడెక్కినచో దాని ఘనపరిమాణము సుమారు 3.4 శాతము పెరుగును. ఎనిమిది లీటర్ల నీరు పట్టు కారులో ఈ పెరుగుదల ఇంచుమించు 270 మిల్లీలీటర్లు. పొంగిన నీటిని పట్టుటకు ప్రక్క సీసా లేని పాతకారులో, ఉదయమున మెడవరకు నింపినచో, ఈ పావులీటరు నీరు మూత ప్రక్కనున్న సన్నగొట్టము గుండా రోడ్డు మీద పోవును. మరునాడు యజమాని మట్టము తగ్గినదని మరల మెడవరకు నింపును. మరల అంతయే పోవును. ఇట్టి కారులో కారుట ఏమియు లేదు. నింపుటలోనే పొరపాటు గలదు.

కావున మొదట చేయవలసినది కొలత. ఇంజను పూర్తిగా చల్లబడిన తరువాత, ప్రతి ఉదయము ఒకే వేళకు, సమనేల మీద కారు ఉన్నప్పుడు మట్టమును చూడవలెను. మెడకు కొంత దిగువగా నీటిని నిలిపి, అచ్చటినుండి ఎంత తరిగినదో, దానిని పూరించుటకు ఎంత నీరు పట్టినదో కొలపాత్రతో కొలిచి, నడచిన దూరముతోపాటు వ్రాసికొనవలెను. మట్టము ఒకచోటికి దిగి అచ్చటనే నిలిచిపోయినచో అది వ్యాకోచము. ఆగక దిగుచున్నచో అది కారుట.

చిన్న కారుటను తేలికగా తీసికొనరాదు. ఒక మిల్లీలీటరునకు సుమారు 20 బొట్లు. క్షణమునకు ఒక బొట్టు చొప్పున రాలినచో గంటకు 3600 బొట్లు, అనగా 180 మిల్లీలీటర్లు. నాలుగు గంటల ప్రయాణములో ముప్పావు లీటరుకు కొంచెము తక్కువ. బొట్టుబొట్టుగా పోయినదే రేడియేటరు పైతొట్టిని ఖాళీచేయగలదు.

దాగుటకు కారణములు

నీరు పోవుచున్నను కారు క్రింద తడి కనబడకపోవుటకు మూడు కారణములు గలవు. మొదటిది, వేడి. మరుగుస్థానమునకు సమీపములో నున్న లోహము మీదకు వచ్చిన సన్నని తడి వెంటనే ఆవిరియై పోవును. కాని నీటిలో కరిగియున్న లవణములు, రంగు ఆవిరి కావు. అవి తెల్లని, పచ్చని, లేక తుప్పురంగు చారగా అచ్చటనే మిగిలిపోవును. కావున తడిని మాత్రమే గాక చారను కూడ వెదకవలెను.

రెండవది, దారి. నీరు లోహపు అంచుల వెంట జారును. ఫ్యాను గాలి దానిని వెనుకకు కొట్టును. ముందుభాగమున పుట్టిన కారుట వెనుకభాగమున బొట్టుగా రాలును. తడిసిన చోట్లలో అన్నిటికన్న ఎత్తున, అన్నిటికన్న ముందున ఉన్నది ఏదో అచ్చట ఆరంభింపవలెను.

మూడవది, స్థితి. 20 డిగ్రీల వద్ద నీటి స్నిగ్ధత ఎంతయో, 90 డిగ్రీల వద్ద అందులో మూడవవంతు కన్న తక్కువ. అనగా ఒకే పగులులో నుండి ఒకే పీడనము క్రింద వేడినీరు చన్నీటి కన్న సుమారు మూడురెట్లు త్వరగా పారగలదు. వేడి ఇంజనులో పీడనము కూడ అధికముగా నుండును. లోహము వ్యాకోచించి పగులు కొంత తెరచుకొనవచ్చును. ఇన్నియు కలిసి, నిలిచియున్న కారులో లేని కారుటను నడచు కారులో పుట్టించును. దీనికి విరుద్ధమైనది కూడ గలదు. రబ్బరు ఉక్కు కన్న ఎక్కువగా సంకోచించును. చలికాలపు ఉదయమున గొట్టము కుంచించుకొని, క్లిప్పు క్రింద సందు ఏర్పడి బొట్లు రాలును. ఇంజను వేడెక్కగానే గొట్టము ఉబ్బి సందు మూసికొనును. మెకానిక్కు వద్దకు తీసికొనిపోవునప్పటికి లోపము మాయమగును.

సైకిలుషాపు పద్ధతి

సైకిలుట్యూబులో కనబడని చిల్లును కనుగొనుటకు షాపువాడు ఏమి చేయును? ట్యూబులో గాలి కొట్టి, భాగము భాగముగా నీటితొట్టిలో ముంచి, బుడగ ఎచ్చట లేచునో చూచును. గాలి కొట్టనిదే చిల్లు బయటపడదు. భాగములుగా చూడనిదే చోటు తెలియదు. కారునకు కూడ ఇదియే పద్ధతి.

చల్లని ఇంజను మీద రేడియేటరు మూతను తీసి, ఆ చోట పీడనమాపకము గల చేతిపంపును బిగింతురు. మూత మీద వ్రాసిన పీడనమును మించకుండ గాలి కొట్టి, పావుగంట సేపు ముల్లును గమనింతురు. వేడి లేదు గనుక ఆవిరి కాదు. ఫ్యాను తిరుగదు గనుక నీరు చెదరదు. ముల్లు దిగుచు, ఎచ్చటనో తడి కనబడినచో పని తీరినది. ముల్లు దిగుచున్నను బయట తడి లేనిచో నీరు ఇంజను లోపలికి పోవుచున్నదని అనుమానింపవలెను. ముల్లు కదలనిచో, ఇంజనును కొంత వెచ్చచేసి అనుభవము గలవారిచే అదే పరీక్షను మరల చేయింపవలెను. మూతను కూడ ఆ పంపునకే విడిగా బిగించి పరీక్షింపవచ్చును.

ఈ పరీక్షలో చూడదగిన చోట్లు కొన్ని గలవు. రబ్బరుగొట్టముల చివరలు, క్లిప్పులు మొదటివి. పంపు ఇరుసు వద్ద క్రిందివైపున చిన్నరంధ్రము ఉండును. లోపలి సీలు అరిగినప్పుడు నీరు బేరింగులోనికి పోకుండ బయటపడుటకే దానిని ఉంచినారు. అచ్చటినుండి నీరు వచ్చుచున్నచో ఆ రంధ్రమును మూయరాదు, పంపును బాగుచేయింపవలెను. ఇత్తడి, రాగి రేడియేటరులో గొట్టములు తొట్టిని కలియు అతుకులు మరియొక చోటు. లోపల వేడిగాలినిచ్చు హీటరు ఉన్న కార్లలో ముందు అద్దము మంచుపట్టినట్లగుట, కాళ్లక్రింది తివాచీ తడియుట హీటరులోని కారుటకు గుర్తు.

అందరును మరచునవి కోర్ ప్లగ్గులు. ఇంజను దిమ్మను పోతపోయునప్పుడు లోపలి నీటిదారుల ఆకారమునకు ఇసుక దిమ్మలను ఉంచుదురు. పోత గట్టిపడిన తరువాత ఆ ఇసుకను తీసివేయుటకు దిమ్మ ప్రక్కలందు రంధ్రములు వదలి, వాటిని లోహపు బిళ్లలతో మూయుదురు. ఈ పలుచని బిళ్లలు లోపలినుండి తుప్పుపట్టును. బయటినుండి చూచుటకు చక్కగా కనబడుచునే సూదిమొనంత చిల్లు పడును.

రంగు చూపు దారి

కంటికి కనబడని దారిని రంగు చూపగలదు. జర్మనీలో డాన్యూబునది కొంతదూరము పారి సున్నపురాతి నేలలో ఇంకిపోవుచోటు గలదు. ఆ నీరు సుమారు 12 కిలోమీటర్ల దూరముననున్న ఆఖ్ ఊటలో పైకి వచ్చుచున్నదా అను వివాదమును తీర్చుటకు 1877లో క్నోప్ అను ఆచార్యుడు 10 కిలోల ఫ్లోరసీన్ రంగును నదిలో కలిపించెను. సుమారు 60 గంటల తరువాత ఊటనీరు పచ్చగా మెరసినది.

నేటి మెకానిక్కులు కూడ రేడియేటరు నీటిలో ఇట్టి రంగును కొంచెము కలిపి, కారును కొన్నిదినములు నడిపించి, చీకటిలో అతినీలలోహిత దీపముతో వెదకుదురు. కంటికి కనబడని ఆ కిరణములను రంగు గ్రహించి, పచ్చని వెలుగుగా తిరిగి ఇచ్చును. దీనిని ప్రతిదీప్తి అందురు. నీరు ఆవిరియైనను రంగు మిగులును గనుక, కారుట ఆగిన తరువాత కూడ దాని జాడ దొరకును.

ఇంజను లోపలి కారుట

దిమ్మకును హెడ్‌కును మధ్య నుండు గాస్కెట్టు చెడినచో నీరు సిలిండరులోనికి గాని, నూనెలోనికి గాని పోవచ్చును. నూనెలో కలిసినప్పుడు నూనె పాలు కలిపిన కాఫీవలె మారును. సిలిండరులోనికి పోయినప్పుడు ఇంజను వేడెక్కిన తరువాత కూడ పొగగొట్టము నుండి తెల్లని ఆవిరి ఆగక వచ్చును. రాత్రి నిలిపియుంచిన కారులో సిలిండరు నీటితో నిండినచో ప్రమాదము ఎక్కువ. నీరు అణగదు గనుక, ఇంజనును త్రిప్పినప్పుడు పిస్టనుకు తగిలించిన కడ్డీ వంగవచ్చును.

ఈ లోపమును రసాయనశాస్త్రము పట్టియిచ్చును. పెట్రోలు మండినప్పుడు బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, పుట్టును. గాస్కెట్టు చెడినచో ఇంజను నడచునప్పుడు ఈ వాయువు నీటిలోనికి చొరబడి రేడియేటరు పైభాగమున చేరును. అచ్చటి గాలిని బ్రోమోథైమాల్ బ్లూ అను నీలిద్రవము గుండా పీల్చినచో అది పసుపుపచ్చగా మారును. ఊపిరి ఊదినప్పుడు సున్నపుతేట తెల్లబడుటకు కారణమైన వాయువే ఇచ్చటను సాక్ష్యమిచ్చుచున్నది.

ఒక ఉదాహరణ

ఒక పాత ఆంబాసిడర్ వారమునకు ఒకటిన్నర లీటరు నీరు త్రాగుచున్నదనుకొందము. గొట్టములు, పంపు మార్చినను ఫలితము లేదు. కొలిచి వ్రాసిన పుస్తకములో, ఊరిలో తిరిగిన దినమున తరిగినది చాల స్వల్పము. దూరప్రయాణము చేసిన దినమున అధికము. అనగా కారుట వేడిని, పీడనమును అనుసరించుచున్నది. మూత పరీక్షలో నిలిచినది. చల్లని ఇంజనులో ముల్లు కదలలేదు. వెచ్చని ఇంజనులో మెల్లగా దిగినది. నీలిద్రవము రంగు మారలేదు, నూనె శుభ్రముగా ఉన్నది. గాస్కెట్టు మీది అనుమానము చాలవరకు తొలగినది. ఇక మిగిలినది బయటి కారుట; వేడిలో మాత్రమే తెరచుకొనునది.

రంగు కలిపి నడిపిన తరువాత దీపముతో చూడగా, ఇంజను వెనుక, క్లచ్చి పెట్టె క్రింద పచ్చని మెరుపు కనబడినది. అచ్చట నీటిదారి ఏదియు లేదు. మెరుపు వెంట పైకి పోగా, దిమ్మ ప్రక్కనున్న ఒక కోర్ ప్లగ్గు అంచున అది ఆరంభమైనది. నీరు దిమ్మ వెంట వెనుకకు జారి, వేడికి ఆరిపోవుచుండెను. పెంకు ఒకచోట, బొట్టు మరియొకచోట. ఇందులో ప్రతి పరీక్షయు ఒక అనుమానమును తొలగించినది. ఒకేసారి రెండు భాగములు మార్చినచో ఏది కారణమో తెలియక పోయెడిది. ఒక బిళ్ల తుప్పుపట్టినచో తక్కినవియు అదే నీటిలో, అంతే కాలము ఉన్నవి గనుక, వాటిని కూడ మార్చుట మంచిది.

జాగ్రత్తలు

వేడి ఇంజను మీద మూతను ఎన్నడును తీయరాదు. 110 డిగ్రీల వద్దనున్న నీటి మీద పీడనము తటాలున తొలగినచో, ప్రతి గ్రాములోను అధికముగా ఉన్న 10 కాలరీల వేడి కొంత నీటిని ఆవిరిగా మార్చును. ఆవిరి గుప్తోష్ణము గ్రాముకు సుమారు 540 కాలరీలు గనుక, ఎనిమిది లీటర్లలో ఇంచుమించు 150 గ్రాములు ఆవిరియగును. అది తక్కువ గాదు. దాని ఘనపరిమాణము సుమారు 250 లీటర్లు. మరిగెడు నీటిని వెంటబెట్టుకొని అది ముఖము మీదకు వచ్చును. నీరు అయిపోయి కాగిన ఇంజనులో చన్నీరు పోసినచో లోహము ఒకచోట తటాలున సంకోచించి పగులవచ్చును; చల్లబడువరకు ఆగవలెను. నీరు బాగుగా తరిగినప్పుడు ఉష్ణోగ్రత ముల్లు నీటిని తాకక, తప్పుగా తక్కువ చూపవచ్చునని కూడ గుర్తుంచుకొనవలెను.

దారిలో చిక్కుకొన్న డ్రైవర్లు రేడియేటరులో పసుపు వేయుట మన దేశములో పాత వాడుక. ఆ పొడి నీటితో పోయి, చిల్లు వద్ద చిక్కుకొని దానిని మూయును. కాని పొడికి చిల్లు ఏదో, రేడియేటరులోని సన్నగొట్టము ఏదో తెలియదు, రెంటిని మూయును. ఇల్లు చేరుటకు పనికివచ్చు ఉపాయమే గాని మరమ్మతు కాదు.

కోర్ ప్లగ్గు తుప్పుపట్టుటకు మూలము నీటిలోనే ఉన్నది. లవణములు గల బోరునీరు ఇనుమును తినును; కఠినజలము గార కట్టును. గార వేడిని ప్రసరింపజేయు శక్తి పోతఇనుముతో పోల్చినచో ఇరవయ్యవ వంతు మాత్రమే. ఒక్కొక్కప్పుడు ఆ గారయే చిల్లును మూసి ఉంచును. రేడియేటరును శుభ్రము చేయించిన మరునాడే నీరు కారుట అందువలననే. శుద్ధజలములో, తుప్పును నివారించు మందు గల కూలెంటును తగిన పాళ్లలో కలిపి పోయుట మేలు. అయితే చాల కూలెంట్లలో నుండు ఎథిలీన్ గ్లైకాలు తియ్యనిది, విషము. నేలపై కారిన దానిని కుక్కలు నాకును, పిల్లలు ముట్టుదురు, వెంటనే కడిగివేయవలెను.

ఈ పాఠమును తరగతిలో చూపుటకు కారు అవసరము లేదు. ఒక ఫ్లాస్కును రంగునీటితో మెడవరకు నింపి, సన్నని గాజుగొట్టము గల బిరడాను బిగించి వేడినీటిలో ఉంచినచో వ్యాకోచము కనబడును. పసుపును స్పిరిటులో కలిపి, నోట్లను పరీక్షించు అతినీలలోహిత దీపము క్రింద ఉంచినచో ప్రతిదీప్తి కనబడును. అయితే స్పిరిటును మంటకు దూరముగా ఉంచవలెను, దీపమును కన్నులలోనికి త్రిప్పరాదు. సున్నపుతేటలో ఊపిరి ఊదించిన తరువాత, గాస్కెట్టు చెడిన కారును కనుగొనుట ఎట్లని విద్యార్థులను అడుగవచ్చును. సమాధానమును వారే చెప్పగలరు.